ప్రశ్న అడిగాక కాస్త ఆగండి

నేను లెక్కల టీచర్‌ని. దయను కూడా సెకన్లలో కొలిచే రకం. ప్రశ్న అడిగాక టీచర్లు జవాబు కోసం సుమారు ఒక్క సెకనే ఆగుతున్నారని అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో గమనించారు. కనీసం 3 సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, "తెలీదు" అనడం తగ్గింది, మామూలుగా నోరు విప్పని పిల్లలూ మాట్లాడారు.

క్లాసులో ఆ మూడు సెకన్లు ఎంత పొడుగో! ముందు బెంచీలో చేతులు లేస్తుంటాయి. నేను మాత్రం నేల చూస్తున్న పిల్లాడి కోసమే ఆగుతాను. టెన్షన్ పడేవాడికి బుర్రలో సగం చోటు భయానికే పోతుంది. వచ్చిన ఎక్కం కూడా గుర్తుకు రాదు. అక్కడ గద్దిస్తే లాభమేంటి?

అలాగని జాలిపడి మార్కులు వేయను. తప్పును తప్పనే చెబుతాను. కాకపోతే లెక్క ఎక్కడిదాకా సరిగ్గా నడిచిందో ముందు పెన్సిల్‌తో గీత పెడతాను. "ఇక్కడిదాకా బాగా చేశావురా, తర్వాత మైనస్ ఏమైంది?" అంటే వాడే వెతుక్కుంటాడు. కొట్టివేత గీత చూస్తే పుస్తకం మూసేస్తాడు.

బయట కూడా అంతే. కౌంటర్‌లో కొత్త ఉద్యోగి తడబడుతుంటే "ఇంకెంతసేపండీ?" అని వెనక నుంచి అరిచేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. వాళ్ల మీద దయ చూపడం మాత్రం ఇంకా నా సిలబస్‌లోకి రాలేదు.