32.7 మైళ్లు

అమెరికా స్కూలు పిల్లల కథలను పాటలతో చెప్పే హై స్కూల్ మ్యూజికల్ సినిమాల్లో మొదటి రెండూ డిస్నీ చానల్ కోసం తీసినవి. మూడోది 'సీనియర్ ఇయర్' మాత్రం 2008 అక్టోబరులో అమెరికాలో థియేటర్లలోనే విడుదలైంది. మన నవోదయ హాస్టల్ స్కూల్లో 2010లో పన్నెండో తరగతి ముగించిన మా బ్యాచ్ దాన్ని ఎంపీ (మల్టీ పర్పస్) హాల్లో చూసింది. ప్రీ-బోర్డులు అయిపోయాయి, బోర్డు పరీక్షల టెన్షన్ ఇంకా ముదరలేదు. ఒక ఆదివారం మా ఇంగ్లిష్ మేడం ప్రొజెక్టర్ పెట్టించారు. సగం మాటలు అర్థం కాకపోయినా ఎవరూ కదల్లేదు.

కథ జరిగేది న్యూ మెక్సికోలోని ఆల్బుకర్కీలో. తీసింది మాత్రం సాల్ట్ లేక్ సిటీలో ఉన్న ఈస్ట్ హై అనే నిజమైన స్కూల్లో. ఆ వరండాలు, లాకర్లు అంత సహజంగా ఉండటానికి కారణం అదే అనుకుంటాను. హీరో ట్రాయ్ స్కూల్ బాస్కెట్‌బాల్ కెప్టెన్, వాళ్ల నాన్నే కోచ్. ఒకప్పుడు నాన్న ఆడిన, ఊళ్లోనే ఉన్న యూనివర్సిటీకే, ప్రాణ స్నేహితుడు చాడ్‌తో కలిసి వెళ్లాలని ఎప్పుడో ఖాయమైపోయింది. అతనికేమో పాట కూడా కావాలి. ఎంపీసీనా బైపీసీనా అన్నది ఇంట్లో పెద్దవాళ్లే తేల్చేసిన మాలాంటి పిల్లలకు ఆ అబ్బాయి బాధ విడమరచి చెప్పక్కర్లేదు.

అన్నిటికంటే నాకు గుర్తున్నది అతను రాత్రిపూట ఖాళీ స్కూల్లో ఒంటరిగా పాడే పాట. పరుగెత్తుతుంటే వరండా మొత్తం గిర్రున తిరుగుతుంది, గోడ నేలవుతుంది, అతను గోడ మీద నడుస్తాడు. చివరికి నాటకాల స్టేజీ మీదికి చేరి అరుస్తాడు. అక్కడే ఉన్న నాటకాల టీచర్ డార్బస్ తిట్టదు. న్యూయార్క్‌లో సంగీతం, నాటకం నేర్పే పేరున్న కాలేజీ జూలియార్డ్‌కి అతని పేరు మీద దరఖాస్తు పంపింది తానేనని చెబుతుంది. పిల్లవాడు తనకు తాను చెప్పుకోలేని కోరికను టీచర్ ముందే కనిపెట్టడం ఎంత పెద్ద విషయమో నవోదయలో పెరిగిన వాళ్లకు తెలుసు. మన హౌస్ మాస్టర్లు మన మొహం చూసి ఇంటి నుంచి ఉత్తరం వచ్చిందో లేదో చెప్పేవారు.

ట్రాయ్ ప్రేమించే గాబ్రియెల్లాకి కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో సీటు వస్తుంది. ఆనర్స్ ప్రోగ్రాం కోసం అందరికంటే ముందే వెళ్లాలి. వెళ్లాక, ఇంకోసారి వీడ్కోలు చెప్పే ఓపిక లేదని ప్రామ్‌కీ (స్కూలు చివర్లో జరిగే డాన్స్ పార్టీ) గ్రాడ్యుయేషన్‌కీ రానని ట్రాయ్‌కి ఫోన్ చేసి చెబుతుంది. మా వరసలో కొందరం కళ్లు తుడుచుకున్నది అక్కడే. మాకు విడిపోవడం పన్నెండులో మొదలు కాలేదు. తొమ్మిదిలో కొందరిని ఏడాది పాటు వేరే భాషా ప్రాంతపు నవోదయకు పంపే మైగ్రేషన్‌కి పేర్లు పిలిచిన రోజే మొదలైంది. ఆరో తరగతి నుంచి పక్క మంచం మీద పడుకున్న నా స్నేహితురాలు హిందీ ప్రాంతపు నవోదయకు వెళ్లింది. ట్రంకు పెట్టె సర్దుకుంటూ, బస్సు దగ్గరికి మాత్రం రావద్దే అంది. గాబ్రియెల్లా ఫోన్లో మాట్లాడుతుంటే నాకు వినిపించింది ఆ మాటే.

ట్రాయ్ తన పాత ట్రక్కు వేసుకుని కాలిఫోర్నియా దాకా వెళ్తాడు. ప్రామ్ అక్కడే, చెట్టు కింద, వాళ్లిద్దరికే జరుగుతుంది. ఆ తర్వాత తాను చేరబోయే యూనివర్సిటీ ఏదో చెబుతాడు: కాలిఫోర్నియాలోనే ఉన్న బర్కిలీ. అక్కడ బాస్కెట్‌బాలూ ఉంటుంది, నాటకమూ ఉంటుంది, గాబ్రియెల్లా ఉండేది 32.7 మైళ్ల దూరంలో. ఆ అంకె విని మా హాలంతా చప్పట్లు. ఈ సినిమా మీద నాకు ప్రేమ అక్కడే పుట్టింది. దూరం లేకుండా చేస్తానని అతను అనలేదు, ఎంత దూరమైతే తట్టుకోగలడో లెక్క వేసుకున్నాడు. వాళ్ల తోటి విద్యార్థుల్లో రయాన్, కెల్సీ జూలియార్డ్‌కి, టేలర్ యేల్ యూనివర్సిటీకి పోతారు. చాడ్, షార్పే ఊళ్లోనే ఉండిపోతారు. కథ అందరినీ బలవంతంగా ఒకచోట చేర్చలేదు. షార్పే, ఆమె లండన్ అసిస్టెంట్ గొడవ కాస్త తగ్గిస్తే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది కానీ, దర్శకుడు కెన్నీ ఒర్టెగా మిగతాదంతా మనసు పెట్టి తీశాడు.

చివర్లో గ్రాడ్యుయేషన్ గౌన్లు వేసుకున్న ఆరుగురు ముఖ్య పాత్రధారులూ స్టేజీ ముందుకు వచ్చి నిలబడతారు, వెనక తెర పడుతుంది. ఆ పాత్రలతో పాటు ఆ నటులు కూడా ఒకరికొకరు సెలవు చెప్పుకుంటున్నట్టే ఉంటుంది.

ఆ రాత్రి మెస్‌లో ఆలస్యంగా భోజనం పెట్టారు. మా మధ్య మాట ఒక్కటే, ఎవరెవరు ఎక్కడ? హైదరాబాద్, వైజాగ్, వరంగల్, ర్యాంకు వస్తే ఇంకా దూరం. ఒకమ్మాయి రఫ్ నోట్సు చివరి పేజీలో మా ఊళ్ల మధ్య కిలోమీటర్లు రాయడం మొదలుపెట్టింది. మైగ్రేషన్ నుంచి తిరిగొచ్చిన నా స్నేహితురాలు ఆ పెన్ను లాక్కుని, అంకెల పక్కన రైళ్ల పేర్లు రాసింది. ఏడాది పాటు ఇంటికి దూరంగా ఉండి వచ్చినది కదా, మాకంటే దానికే ఎక్కువ తెలుసు.

ఈసారి పూర్వ విద్యార్థుల సమావేశంలో ఈ సినిమా మళ్లీ ఎంపీ హాల్లోనే వేద్దామని మా బ్యాచ్ తరఫున అడుగుతున్నాను. చివరి పాట మేం స్టేజీ మీద పాడతాం. ఇంగ్లిష్ మేడం వస్తానన్నారు. మైకు, ప్రొజెక్టర్ సంగతి 2012 బ్యాచ్ తమ్ముళ్లు చూసుకుంటే చాలు.