అమ్మమ్మ నూనెలో రెండు చుక్కలు

"ఆ నూనె రాసుకుంటే దిండుక్కూడా వాసనొస్తుంది. నాకొద్దు" అని పదిహేనేళ్ల మా అమ్మాయి వాళ్ల అమ్మమ్మ మొహం మీదే చెప్పేసింది. చెప్పి గదిలోకెళ్లి, ఫోన్లో రోజ్‌మెరీ నూనె ఆర్డర్ పెట్టుకుంది. విజయవాడ సత్యనారాయణపురంలో, పెరట్లోనే మందారం, కరివేపాకు ఉన్న ఇంటికి, మధ్యధరా సముద్రం వైపు పుట్టిన మొక్క నూనె తెప్పించుకుంటూ మనవరాలు డెలివరీ అబ్బాయికి వచ్చీరాని తెలుగులో సందు గుర్తులు చెబుతుంటే మా అమ్మ దాన్ని ఏమీ అనలేదు. నావైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. పెంపకం అనే మాట పైకి అనకుండా అనడం.

జుట్టు రాలుతున్న మాట మాత్రం నిజం. స్కూలు అయిపోయే రోజుల నుంచే స్నానాలగది జాలీలో ఉండలు ఉండలుగా కనిపించేది. ఇండియా వచ్చేసరికి జడ సగమైంది. అది రోజూ పొద్దున్నే దువ్వెనలోంచి వెంట్రుకలు తీసి టిష్యూ మీద పరిచి ఫోటో తీసుకునేది. వాటి చివర తెల్లటి చిన్న గింజలాంటిది ఉంటే మా అమ్మ చూసి, "అయ్యో, కుదుళ్లతో సహా వచ్చేస్తోందే" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇంకేముంది, ఆ రాత్రి మనవరాలికి నిద్రలేదు.

నేనేమైనా తక్కువ తిన్నానా? నా చిన్నప్పుడు ఇదే ఇంట్లో, ఇదే అరుగు మీద, రెండు జడలు బిగించి వేస్తుంటే కళ్లు గుంజుకుపోయేవి. నుదుటి మీదికి నూనె కారి, బెజవాడ ఎండకి జిడ్డోడుతూ స్కూలుకెళ్లేదాన్ని. కాలేజీలో చేరగానే నూనె మానేశాను. అమెరికా వెళ్లాక అసలు సీసానే కొనలేదు. బిడ్డ పుట్టాక మాత్రం ఎక్కడలేని సంప్రదాయం పుట్టుకొచ్చింది. శుక్రవారం రాత్రి దాని తలకి కొబ్బరినూనె పెట్టేదాన్ని. ఆదివారం రెండుసార్లు షాంపూతో రుద్ది, తల వాసన చూసి, మళ్లీ కడిగేదాన్ని. సోమవారం స్కూల్లో ఎవరికీ తెలియకూడదు కదా. ఆ వాసన దాచుకోవాల్సిందని దానికి ఎవరు నేర్పారు అని అడిగితే నా దగ్గర వేరే పేరు లేదు. ఇప్పుడదే పిల్ల అమ్మమ్మ నూనె వద్దంటే "మన పద్ధతులంటే చిన్నచూపు" అని వాళ్ల నాన్నకి ఫోన్ చేసి మరీ చెప్పాను. ఆయన "నువ్వు పెట్టుకుంటావా?" అన్నారు. సిగ్నల్ సరిగ్గా లేదని పెట్టేశాను.

మా అమ్మ నూనె గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అది చిన్న వ్యవహారం కాదు. గుంటగలగరాకు ముఖ్యం. ఒకప్పుడు కాలవగట్ల మీద, పొలం గట్ల మీద తడి ఉన్నచోటల్లా తెల్లపూలతో అదే మొలిచేది, మా అమ్మమ్మ నడుచుకుంటూ వెళ్లి కోసుకొచ్చేదట. ఇప్పుడు వన్‌టౌన్ దాకా వెళ్లి వాకబు చేస్తే దొరుకుతుంది. దాన్ని మందారాకు, కరివేపాకుతో కలిపి నూరి, గుప్పెడు మెంతులు వేసి, గానుగ కొబ్బరినూనెలో సన్నసెగ మీద కాస్తుంది. ముందు చిటపటలాడుతుంది. ఆ చప్పుడు ఆగిందంటే ఆకులో తడి పోయినట్టు. తడి మిగిలితే నూనె ముక్కిపోతుంది. అప్పుడు దించి, చల్లారాక పాత పంచె గుడ్డలో వడకడుతుంది. ముదురాకుపచ్చ రంగు. వంటిల్లు కాదు, వీధి మొత్తానికి తెలుస్తుంది ఆ ఇంట్లో నూనె కాగుతోందని.

మా అమ్మాయి పద్ధతి వేరు. దానికి ఆధారం కావాలి. రోజ్‌మెరీ మీద పరిశోధన ఉందంది. నేను ఊరుకుంటానా, కూర్చుని చదివాను. 2015లో వచ్చింది, ఇరాన్‌లో చేశారు. మగవాళ్లకి వచ్చే బట్టతల ఉన్న వందమందిని రెండు భాగాలు చేసి, సగం మందికి రోజ్‌మెరీ నూనె, సగం మందికి 2 శాతం మినాక్సిడిల్, అంటే బట్టతలకి తలమీద రాసే మందు, ఇచ్చారు. మూడు నెలలకి పెద్ద తేడా లేదు. ఆరు నెలలకి రెండు వర్గాల్లోనూ వెంట్రుకలు కొంత పెరిగాయి. ఏమీ రాసుకోని వర్గమంటూ ఒకటి పెట్టనేలేదు. "నీకు బట్టతలా? నువ్వు మగాడివా?" అని విజయగర్వంతో అడిగాను. "మరి అమ్మమ్మ నూనె మీద ఏ స్టడీ ఉంది?" అంది. ఉన్నది కొబ్బరినూనె మీద. 2003లో వచ్చిన ఒక పేపర్లో అది వెంట్రుకలోకి ఇంకి, కడిగినప్పుడు మాంసకృత్తులు పోకుండా కాస్త ఆపుతుందని తేలింది. అంటే ఉన్న వెంట్రుక తెగకుండా చూస్తుంది. కొత్తది మొలిపించడం అందులో లేదు. ఆ ముక్క దానికి చెప్పలేదు. అమ్మ నూనె ఓడిపోవడం నాకిష్టం లేకపోయింది, నేను రాసుకోకపోయినా.

రోజ్‌మెరీ సీసా వచ్చింది. చిటికెన వేలంత సీసా, గానుగ నూనె లీటరుకంటే ధర ఎక్కువ. తులసి, పుదీనా జాతి మొక్కేనని చెబితే మా అమ్మ కొంచెం మెత్తబడి మూత తీసి వాసన చూసింది. "జలుబు మందులా ఉంది" అంది. ఆ రాత్రి మనమ్మాయి దాన్ని చుక్కలు చుక్కలుగా నేరుగా మాడు మీద పోసుకుంది. అర్ధరాత్రి మంటని లేచింది. పాపిడంతా ఎర్రగా కందింది. అవి ఆవిరి పట్టి తీసిన గాఢమైన నూనెలు, అలాగే రాసుకోకూడదు. ముందు మోచేతి మడత దగ్గర ఒక చుక్క, అదీ మామూలు నూనెలో కలిపి, రాసి ఒకరోజు చూడాలి. ఆ తర్వాతే తలకి. చెంచాడు కొబ్బరినూనెకి రెండు మూడు చుక్కలు చాలు. ఇదంతా ఆ సీసా మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

కందింది తగ్గాక కొబ్బరినూనె కావాల్సొచ్చింది. మా అమ్మ చిన్న గిన్నెలో తెచ్చిచ్చింది. ఆకుపచ్చగా ఉంది.

"అమ్మమ్మా, ఈ కలర్ ఏంటి?"

"ఇక్కడి గానుగ నూనె అంతేనమ్మా."

నేను అక్కడే ఉన్నాను, పేపరు చదువుతున్నాను. పేపర్లోంచి తల ఎత్తలేదు. కూతురితో అబద్ధం ఆడొద్దు, ఎవరి ఒంటి మీద వాళ్లకే హక్కు, అడక్కుండా ఎవరూ ముట్టుకోకూడదు అని అక్కడ పాఠాలు చెప్పేది నేనే. ఇక్కడ మా అమ్మ దాని తలలో గుంటగలగరాకు దొంగతనంగా ఇంకిస్తుంటే నాకు లోపల ఆనందంగా ఉంది. రోజ్‌మెరీ ఘాటులో ఆ వాసన కలిసిపోయింది. అది అరుగు మీద కూర్చుంది, మా అమ్మ వెనక కూర్చుని పాయలు తీసి రాసింది. ఇలా కొన్నాళ్లు నడిచింది. ఒకరోజు అది వంటింట్లో వడకట్టిన గుడ్డ, పిప్పి చూసింది. అమ్మమ్మని ఒక్కమాట అనలేదు. నా దగ్గరికొచ్చి, "అమ్మమ్మ అంటే అమ్మమ్మ. నీకు తెలిసి కూడా చెప్పలేదు" అంది. నూనె మాత్రం మానలేదు. నాతో మాట మానేసింది.

రాలడమూ ఆగలేదు. చివరికి చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ జుట్టు పాయ పట్టుకుని మెల్లగా లాగి చూసి, ఎన్ని వచ్చాయో లెక్కపెట్టింది. తెల్లటి గింజ చూసి కంగారు పడొద్దంది. విశ్రాంతి దశకొచ్చిన వెంట్రుక అలాగే ఊడుతుందట, కుదురు లోపలే ఉంటుంది. ఎవరికైనా రోజుకి యాభై నుంచి వంద దాకా రాలడం మామూలే. మరీ ఎక్కువైతే మాత్రం రెండు మూడు నెలల వెనక్కెళ్లి చూడాలి, జ్వరమో, దిగులో, తిండి తగ్గించడమో ఉంటుంది అంది. మార్చిలో దీనికి ఫ్లూ వచ్చి వారం మంచం మీద ఉంది. అదే అయ్యుంటుందని నేను చెప్పాను. ఆవిడ నాకు సమాధానం చెప్పకుండా పిల్లని అడిగింది, "మధ్యాహ్నం ఏం తింటావు?"

అది నన్ను చూసి, తర్వాత డాక్టర్ని చూసి, "ఏమీ తినను" అంది.

ఏడాదంతా నేను కట్టిన డబ్బా ఖాళీగా తిరిగొచ్చేది. పప్పన్నం, పులిహోర, చపాతీ, ఖాళీగా వస్తే ఎంత మురిసిపోయానో. కొంత స్నేహితులకిచ్చేదట, మిగతాది పడేసేదట. ఆటోలో ఇంటికొస్తూ, "వాసన అంటారనా? ఎవరైనా ఏమైనా అన్నారా?" అని పదిసార్లు అడిగాను. నాకు ఆ కథ వచ్చు. దాని మీద బాధపడటం వచ్చు, తెలుగు అసోసియేషన్‌లో మాట్లాడటమూ వచ్చు. "అమ్మా, వాళ్లకి నీ పులిహోర ఇష్టం. నేను సన్నబడదామనుకున్నాను. అంతే" అంది.

అంతే. దీన్లో తూర్పూ లేదు, పడమరా లేదు. బెజవాడలో ఉన్నా చేసేదేమో. ఇన్నాళ్లూ మేం ముగ్గురం ఏ దేశపు నూనె మంచిదని కొట్టుకున్నాం. ప్రతిదాన్నీ రెండు సంస్కృతుల మధ్య నలిగిపోవడంగా చూసే జబ్బు నాకుంది. అది నామీద జాలిపడటానికి బాగా పనికొస్తుంది. పిల్లని చూడటానికి అంత పనికిరాదు. అలాగని పూర్తిగా మానేశానా అంటే లేదు. సన్నబడాలన్న పిచ్చి అక్కడి నుంచే వచ్చిందని ఆ రాత్రే మా అమ్మతో అన్నాను. మా అమ్మ నవ్వి, కాలేజీ రోజుల్లో నేను రాత్రి భోజనం మానేసి మజ్జిగ తాగి పడుకోవడం గుర్తుచేసింది.

రక్తపరీక్షలో థైరాయిడ్ బాగానే ఉంది. ఫెరిటిన్, అంటే ఒంట్లో ఇనుము నిల్వ, బాగా తక్కువుంది. డాక్టరు మాత్రలు రాసింది, పాలతోనూ కాఫీతోనూ వేసుకోవద్దంది. పరీక్ష చేయించకుండా ఎవరికివాళ్లు కొని మింగొద్దని కూడా చెప్పింది. నూనె సంగతి అడిగితే, చుండ్రు ఉంది కాబట్టి రాత్రంతా ఉంచొద్దు, చుండ్రు పెంచే ఫంగస్‌కి నూనెలే మేత, తలంటుకి గంట ముందు రాసుకుంటే చాలంది. మా అమ్మకి ఆ మాట నచ్చలేదు. నువ్వుల ఉండలు చేయడం మొదలుపెట్టింది.

చలికాలానికి నుదుటి దగ్గర బొటనవేలంత కొత్త వెంట్రుకలు నిక్కబొడుచుకుని లేచాయి. నెలకి సెంటీమీటరు చొప్పున లెక్కేస్తే సరిపోయింది. మా అమ్మ వీడియో కాల్‌లో చూసి, గుంటగలగరాకు ఊరికే పోదంది. అమ్మాయి రోజ్‌మెరీ అంటుంది. నేను మాత్రల వైపు. జ్వరం తర్వాత రాలిన జుట్టు ఏ నూనె రాయకపోయినా కొన్ని నెలలకి మామూలుగా తిరిగొస్తుంది. ఆ నెలల్లో చేతిలో ఏ సీసా ఉంటే దానికి పేరొస్తుంది. ఇది తెలిశాక నాకు ఇంకో అనుమానం పట్టుకుంది. ఆదివారం తెలుగు బడి, వేసవికి బెజవాడ, పండక్కి పరికిణీ, ఇవన్నీ నేను పోసిన నూనెలే. పిల్ల అమ్మమ్మని ఒక్కమాట అనకుండా ఊరుకుందే, ఆ ఓర్పు వీటిలో దేనివల్ల వచ్చింది? దానంతటది వచ్చిందా? మరి డబ్బాలో అన్నం చెత్తబుట్టలో వేయడం ఎవరి ఖాతాలో వేయాలి? మంచిదయితే నాది, కానిదయితే ఆ దేశానిది అని ఇన్నాళ్లూ పద్దు రాసుకొచ్చాను.

ఇప్పుడు డబ్బా ఖాళీగా వస్తే నమ్మబుద్ధి కాదు. అడిగితే దానికి కోపం, అడక్కపోతే నాకు నిద్ర పట్టదు. రోజు మార్చి రోజు అడుగుతున్నాను.

మొన్న డాలస్‌లో ఉన్న మా ఆడపడుచు ఫోన్ చేసింది. వాళ్లమ్మాయికీ జుట్టు రాలుతోందట. ముందు రక్తపరీక్ష చేయించు, మధ్యాహ్నం తింటోందో లేదో చూడు అని చాలాసేపు చెప్పాను. ఓపిగ్గా విని, "అది సరే వదినా, ఇంతకీ మీరేం నూనె వాడారు?" అంది.

రెండింటి పేర్లూ చెప్పాను. ఎన్ని చుక్కలో కూడా చెప్పాను.