న్యూరెంబర్గ్ నీడ గడియారం: అట్టతో చేసి టైమ్ చూసిన నా అనుభవం

న్యూరెంబర్గ్‌లోని జర్మన్ నేషనల్ మ్యూజియంలో ఏనుగు దంతంతో చేసిన జేబు నీడ గడియారాలు చూశాక, అలాంటిది సొంతంగా చేసుకుని దాంతో టైమ్ చూడాలని పట్టుదల వచ్చింది. 16, 17 శతాబ్దాల్లో ఈ ఊరు వీటికి పెట్టింది పేరు. హాన్స్ టూహర్, పౌల్ రైన్‌మన్ లాంటి పనివాళ్లు చేసినవి ఇప్పటికీ చెక్కుచెదరలేదు. పై పలక నిలువుగా నిలిచేలా పుస్తకంలా తెరుచుకునే రెండు పలకలు, కింది పలకలో దిక్సూచి, రెండింటి మధ్య బిగించిన దారం. ఆ దారం నీడే గంటల ముల్లు.

నేను దళసరి అట్ట తీసుకున్నాను. ఇదే ఊళ్లో గేయార్గ్ హార్ట్‌మన్ (1489–1564) ఇలాంటి పరికరాలను కాగితం మీద అచ్చు వేశాడని తెలిశాక ధైర్యం వచ్చింది.

దారం వాలు ఊరి అక్షాంశమంత ఉండాలి. ఇక్కడది దాదాపు 49.5 డిగ్రీలు. మడత నుంచి 6 సెంటీమీటర్ల దూరంలో కింది చిల్లు పొడిస్తే, పై చిల్లు 7 సెంటీమీటర్ల ఎత్తులో వచ్చింది. కింది పలక మీద 12 గీత నుంచి 1 గంట గీత 11.5 డిగ్రీలు, 2 గంటలది 23.7, 3 గంటలది 37.2. పై పలకకి లెక్క వేరు.

ఎండలో పెట్టగానే రెండు పలకలూ ఒకే గంట చూపించాయి. భలే సంతోషమేసింది! కానీ దాన్నిబట్టి గీతలు బాగున్నాయని మాత్రమే తెలుస్తుంది. నీడ ఒకే దారానిది కదా, గడియారాన్ని ఎటు తిప్పినా రెండూ ఒకే మాట చెబుతాయి. టైమ్ సరిగ్గా రావాలంటే దాన్ని ఉత్తరానికి సరిగ్గా నిలపాలి, అందుకు దిక్సూచే దిక్కు. దాని ముల్లు ఇప్పుడిక్కడ అసలు ఉత్తరానికి సుమారు 4 డిగ్రీలు తూర్పుగా నిలుస్తుంది, ఆ తేడా సర్దాలి.

ఫోన్‌తో పోల్చేటప్పుడు కాస్త టెన్షన్ పడ్డాను. జూలై చివర్లో నీడ 12 మీద ఉంటే ఫోన్‌లో 1:22. సమ్మర్ టైమ్‌కి 60 నిమిషాలు, జర్మనీ గడియారం 15 డిగ్రీల తూర్పు రేఖాంశానిది, ఈ ఊరు దానికి పడమరగా ఉంది కాబట్టి 16, ఏడాది పొడవునా సూర్యుడి నడకలో ఉండే హెచ్చుతగ్గుల వల్ల ఆ రోజుల్లో మరో 6. మొత్తం 82. సరిగ్గా సరిపోయింది!

పాతవాటిలో చాలావాటికి చిన్న సూది కూడా ఉంటుంది. దాని నీడ కొస బాబిలోనియన్ గంటలు చూపిస్తుంది, అంటే పొద్దు పొడిచినప్పటి నుంచి లెక్క. మన పంచాంగం గడియలూ అంతే. అక్కడ 4 గంటలైతే మనకు 10 గడియల పొద్దెక్కినట్టు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఇప్పుడు హైదరాబాద్‌కి ఒకటి చేస్తున్నాను. అక్షాంశం 17.4 కాబట్టి పై చిల్లు 2 సెంటీమీటర్ల లోపే, 1 గంట గీత 4.6 డిగ్రీలే. మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా అక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన ఉంటాడు, నిలువు పలక మీద ఎండే పడదు. అందుకని ఆ వేళకి కింది పలక గీతలనే బాగా సన్నగా, అయిదు నిమిషాలకొకటి గీస్తున్నాను.