పరాకస్ తీరంలో నెత్తళ్ల లెక్క

తిరుపతి భూమధ్యరేఖకు ఎంత ఉత్తరాన ఉందో, పెరూ దేశంలోని పరాకస్ దాదాపు అంతే దక్షిణాన ఉంది. ఆ లెక్కన అక్కడా చెమటలు కారాలి. కానీ జూలై నెలలో ఉదయం ఎనిమిదింటికి పడవ కోసం వరుసలో నిలబడ్డవాళ్లందరి ఒంటి మీదా ఉన్ని దుస్తులే. ఒడ్డున ఒక్క గడ్డిపోచ లేదు, కనుచూపు మేర ఎడారి. నీటిలో చెయ్యి పెడితే జివ్వుమంది. అంత చల్లని సముద్రం, దాని పక్కనే వాన ఎరగని ఇసుక. రెండింటి వెనకా ఉన్నది హంబోల్ట్ అనే చల్లని సముద్ర ప్రవాహం. నేను చూడాలనుకున్న చేప కూడా ఆ ప్రవాహం బిడ్డే.

మనవాళ్లు పెరూ వెళ్లేది మాచూ పిచూ కోసం. హ్యూస్టన్‌లో ఉండే మా మేనల్లుడి ఉద్దేశమూ అదే. "మామయ్యా, ఇంత దూరం వచ్చి పిట్టల రెట్ట చూస్తానంటావేమిటి?" అని విస్తుపోయాడు. మాచూ పిచూ కూడా చూశాం. దాని గురించి రాసేవాళ్లకు కొదవ లేదు కాబట్టి నేను రాయను.

మాకు భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. వనామి రకం రొయ్యల మేతలో చేపపొడి కలుస్తుంది. మేత ధర పెరిగినప్పుడల్లా గట్టు మీద ఎవరో ఒకరు "పెరూలో చేప పడలేదట" అంటారు. ఆ మాట అనేవాళ్లకు పెరూ ఎటువైపు ఉందో తెలియకపోవచ్చు గానీ, మాటలో మాత్రం నిజముంది. ప్రపంచంలో చేపపొడి తయారీలో మొదటి స్థానం పెరూదే, ఆ పొడి దాదాపు అంతా ఒకే చేప నుంచి వస్తుంది. దాని పేరు ఆంచొవేటా. మన నెత్తళ్ల కుటుంబానికి చెందినదే. పెరిగినది సాధారణంగా పన్నెండు, పధ్నాలుగు సెంటీమీటర్లుంటుంది. మా మేత బస్తాలో ఉన్నది పెరూ పొడో, మన తీరపు పొడో నేను చెప్పలేను. ధర మాత్రం ఈ తీరాన్ని చూసే కదులుతుంది. అందుకే వచ్చాను.

లిమా నుంచి పరాకస్‌కు సుమారు 260 కిలోమీటర్లు. కుడివైపు సముద్రం, ఎడమవైపు ఇసుక కొండలు, మధ్యలో పాన్ అమెరికన్ హైవే. 2007 భూకంపంలో కూలిపోయి మళ్లీ కట్టుకున్న పిస్కో ఊరు దాటాక బస్సులోకి ఒక వాసన వచ్చింది. పక్క సీట్లలోని పర్యాటకులు ముక్కులు మూసుకున్నారు. ఎండుచేపల సంతలో తిరిగిన ముక్కు కాబట్టి నాకు ఇబ్బంది కలగలేదు. పిస్కో నుంచి పరాకస్ వరకు అఖాతం ఒడ్డున చేపపొడి ఫ్యాక్టరీలున్నాయి. చేపను ఉడికించి, పిండి నూనె తీసి, పిప్పిని ఎండబెట్టి పొడి చేస్తారు. నాలుగు టన్నుల పైచిలుకు చేప కలిస్తే ఒక టన్ను పొడి.

పరాకస్‌లో మధ్యాహ్నమయ్యేసరికి ఇసుకను లేపే గాలి మొదలవుతుంది. అందుకే బల్యేస్తాస్ దీవులకు పడవలన్నీ ఉదయమే వెళతాయి. దారిలో ఇసుక కొండ మీద గీసిన కొమ్మల దీపస్తంభం కనిపిస్తుంది. సుమారు 180 మీటర్ల పొడవు. ఎవరు, ఎందుకు గీశారన్నది ఇప్పటికీ తేలలేదు. పడవలో అందరూ దాని ఫోటోలు తీసుకున్నారు. మా గైడు అది అయ్యాక ఒక హెచ్చరిక చేశాడు. మా వాడు దాన్ని నాకు తెలుగులో చెప్పాడు: "టోపీ పెట్టుకోవాలట. పైకి చూసేటప్పుడు నోరు మూసుకోవాలట."

ఆ హెచ్చరిక ఎందుకో దీవి దగ్గరయ్యేసరికి అర్థమైంది. కొండరాయి పైభాగమంతా నల్లగా కదులుతోంది. అవి గువానాయ్ అనే నీటికాకులు, తెల్లని ఛాతీ, నల్లని వీపు. బూబీ పక్షులు గోడ అంచుల మీద వరుసలు కట్టాయి. గూడబాతులు, హంబోల్ట్ పెంగ్విన్లు, ఎర్రముక్కుతో తెల్లమీసాలున్న ఇన్‌కా టెర్న్ అనే పక్షులు. కింద రాళ్ల మీద సీ లయన్లు ఒకదాని మీద ఒకటి పడి అరుస్తున్నాయి. వాసన కళ్లలోకి ఎక్కుతుంది. దిగడానికి అనుమతి లేదు. ఇది రక్షిత ప్రాంతం, రెట్ట తవ్వేవాళ్లు, కాపలావాళ్లు తప్ప ఎవరూ కాలు పెట్టకూడదు.

ఇన్ని నోళ్లూ ప్రధానంగా ఆ ఒక్క చేప మీదే బతుకుతున్నాయి. మా పడవ ఆగి ఉండగా కొంచెం దూరంలో బూబీలు రెక్కలు ముడిచి ఒక్కొక్కటే తలకిందులుగా నీటిలోకి పడ్డాయి. లేచినప్పుడు వాటి నోళ్లు ఖాళీగా ఉన్నాయి, ఎందుకంటే నీటిలో ఉండగానే మింగేస్తాయి. చేపను కంటితో చూద్దామని వచ్చిన నాకు అది పిట్ట గొంతులో ఉబ్బుగానే కనిపించింది.

ఆ రెట్ట పేరు గువానో. వాన పడదు కాబట్టి కడుక్కుపోదు, ఏళ్ల తరబడి పేరుకుంటుంది. పూర్వం పెరూను ఏలిన ఇన్‌కా రాజులు ఈ పక్షులను చంపినవాళ్లకు మరణశిక్ష వేసేవారని చరిత్రకారుడు గార్సిలాసో రాశాడు. 1802లో ఇక్కడికి వచ్చిన జర్మన్ శాస్త్రవేత్త హంబోల్ట్ దీని నమూనాలు యూరప్‌కు పట్టుకెళ్లాడు. తర్వాత 1840ల నుంచి యూరప్ పొలాలకు ఎగుమతి మొదలైంది. మేం చూసిన దీవులకు ఉత్తరాన ఉన్న చించా దీవుల్లో పదుల మీటర్ల మందాన పేరుకున్నదంతా కొన్ని దశాబ్దాల్లో తవ్వేశారు. ఆ తవ్వకానికి చైనా నుంచి ఒప్పందాల మీద తెచ్చిన కూలీలు ఎంత దుర్భరంగా బతికారో చదివితే ముద్ద మింగుడుపడదు. 1864లో స్పెయిన్ ఆ దీవులను ఆక్రమించుకుంది, యుద్ధం జరిగింది. ఒక చిన్న చేప పిట్ట కడుపులో అరిగి రాయి మీద పడ్డ దానికోసం నౌకాదళాలు ఫిరంగులు పేల్చుకున్నాయి.

నన్ను పట్టి ఉంచింది మాత్రం ఆ చేప ఏం తింటుందన్న ప్రశ్న. ఈ తీరం వెంట దక్షిణం నుంచి వీచే గాలి, భూభ్రమణం కలిసి పైనీటిని సముద్రంలోకి తోస్తాయి. ఆ ఖాళీలోకి అడుగునుంచి చల్లని నీరు ఎరువంత పోషకాలతో పైకొస్తుంది. ఎండ తగలగానే నీటిలో తేలే సూక్ష్మమైన మొక్కలు, అంటే డయాటమ్‌ల వంటి వృక్ష ప్లవకాలు విజృంభిస్తాయి. ప్రపంచ సముద్రాల విస్తీర్ణంలో పెరూ తీరపు నీరు వెయ్యో వంతు కూడా లేదు. కానీ ప్రపంచంలో పట్టే చేపలో పదో వంతు దాకా ఇక్కడే పడింది.

ఎలా సాధ్యం? దీనికి చాలాకాలం ఒక తేలికైన జవాబు ఉండేది. తినే గొలుసులో ప్రతి మెట్టు దగ్గరా తిన్నదాంట్లో సుమారు పదో వంతే ఒంటికి పడుతుంది, మిగతాది ఖర్చయిపోతుంది. కాబట్టి మెట్లు తక్కువుంటే చేప ఎక్కువ. ఆంచొవేటా మొప్పల్లోని సన్నని ముళ్లతో నీటిని వడకట్టి నేరుగా డయాటమ్‌లనే తింటుందని, అంటే మేకలా గడ్డి మేసే చేపని, అందుకే ఇంత పంటని చెప్పేవారు. అమెరికా సముద్ర శాస్త్రవేత్త జాన్ రైథర్ 1969లో రాసిన పేరున్న వ్యాసంలోనూ ఇలాంటి తీరాలకు పొట్టి గొలుసు లెక్కే కట్టాడు. కడుపు కోసి చూసినవాళ్లకూ అందులో కనిపించేది డయాటమ్‌లే.

2008లో పెరూ సముద్ర పరిశోధన సంస్థకు చెందిన ఎస్పినోజా, ఫ్రాన్స్ శాస్త్రవేత్త బెర్త్రాన్ ఆ లెక్కను తిరగదోడారు. 1996 నుంచి 2003 వరకు సేకరించిన 21,000కు పైగా ఆంచొవేటా కడుపులను పరిశీలించారు. తలలు లెక్కపెడితే పాత మాటే నిజం: 99 శాతానికి పైగా వృక్ష ప్లవకాలే. కానీ వాళ్లు తలలతో ఆగలేదు. ఒక్కో జీవిలో ఎంత కార్బన్, అంటే ఒంటికి పట్టే సరుకు, ఉందో కట్టి చూశారు. అప్పుడు 98 శాతం జంతు ప్లవకాల నుంచి, అంటే నీటిలో తేలే చిన్న జీవుల నుంచి, వచ్చిందని తేలింది. అందులో క్రిల్ జాతి సన్నరొయ్యలు మూడింట రెండు వంతులు, కోపిపాడ్లనే నలుసంత జీవులు నాలుగో వంతు. సంత నుంచి ఒకాయన గుప్పెడు ఆవాలు, ఒక గుమ్మడికాయ తెచ్చుకుంటే, ఆవాలు వేలల్లో ఉన్నాయి కాబట్టి ఆ ఇంట్లో ఆవాలే కూరగా వండుకుంటారని అన్నట్టుంది ఇన్నాళ్ల వాదన.

ఇది చదివినప్పుడు నాకు భలే సరదా వేసింది. మా మేత బస్తా మీద రొయ్యకు చేపపొడి. ఇక్కడ ఆ చేపకు మేత సన్నరొయ్య. పడవలో ఈ మాట చెబితే మా వాడు "అయితే రొయ్య రొయ్యనే తింటోంది, మధ్యలో చేప కమిషన్ ఏజెంటన్నమాట" అన్నాడు. వాడు అమ్మకాల విభాగంలో పనిచేస్తాడు మరి.

సరదా పక్కన పెడితే, ఆ లెక్కతో పెద్ద చిక్కే వచ్చింది. గొలుసు అనుకున్నంత పొట్టిది కాదు. మధ్యలో ఒక మెట్టు పెరిగింది, అయినా చేప అంతే ఉంది. అంటే ఈ నీటి గొప్పతనం డయాటమ్‌ల పంటలో మాత్రమే లేదు, ఆ పంటను చేప నోటి దాకా చేర్చే క్రిల్, కోపిపాడ్లలో ఉంది. చేపల వలల గురించి ఇన్ని చట్టాలున్నాయి కదా, ఆ సన్నరొయ్యను లెక్కపెట్టేవాళ్లు మాత్రం తక్కువ.

ఈ చేప తినే తీరు కూడా తెలివైనదే. ఆంచొవేటా రెండు రకాలుగా తింటుంది. మేత సన్నగా ఉంటే నోరు తెరుచుకుని ఈదుతూ వడకడుతుంది, పెద్దదైతే ఒక్కొక్కటి ఏరుకుని కరుస్తుంది. దీని దాయాది సార్డీన్‌కు మొప్పల ముళ్లు ఇంకా సన్నం. అది చిన్న మేతతో సరిపెట్టుకోగలదు. అందుకే 1970ల చివరి నుంచి నీళ్లు వెచ్చబడ్డ కాలంలో ఈ తీరంలో సార్డీన్ పెరిగి ఆంచొవేటా తగ్గింది, తర్వాత మళ్లీ తారుమారైంది. ఎవరి నోటికి సరిపడే మేత ఉన్న కాలం వాళ్లది.

పిట్టలకు చేప అందుబాటులో ఉండడానికి మరో కారణం కూడా ఉంది. ఈ తీరంలో పైనుంచి కొన్ని పదుల మీటర్లు దిగితే చాలు, నీటిలో ఆక్సిజన్ దాదాపు ఉండదు. ఆంచొవేటా అక్కడికి దిగలేదు. పైనున్న పల్చటి పొరలోనే కిక్కిరిసి ఉంటుంది. బూబీ మునకకూ, సీ లయన్‌కూ, వలకూ అందే ఎత్తులోనే. ఎల్ నీన్యో వచ్చి వెచ్చటి నీరు మందంగా పరుచుకుంటే అదే చేప లోతుకో, దక్షిణానికో పోతుంది. పెద్ద పక్షులు గూళ్లు వదిలేస్తాయి, పిల్లలు ఆకలితో చస్తాయి.

1970లో పెరూ పట్టిన ఆంచొవేటా 1 కోటి 20 లక్షల టన్నులు దాటింది. మన దేశపు తీరమంతా కలిపి అన్ని రకాల చేపలూ ఈమధ్య ఏళ్లలో పడుతున్నది సుమారు 35 లక్షల టన్నులు. అంతకు ముందు కాలిఫోర్నియాలో సార్డీన్ అడుగంటితే అక్కడి యంత్రాల్లో కొన్ని ఓడలెక్కి ఇక్కడికే వచ్చాయి, అదొక శకునమని ఎవరూ అనుకున్నట్టు లేదు. 1972లో ఎల్ నీన్యో, దానికి తోడు మితిమీరిన వేట. 1973 వచ్చేసరికి పట్టిన చేప 20 లక్షల టన్నులు కూడా లేదు. 1950లలో కోట్లలో ఉన్న గువానో పక్షులు ఆ తర్వాత ఆ సంఖ్యకు మళ్లీ చేరలేదు. రెట్ట తవ్వి అమ్మే కంపెనీకీ చేపపొడి ఫ్యాక్టరీలకూ 1950లలో జరిగిన పోట్లాటలో రెట్ట కంపెనీ ఓడిపోయింది గానీ, చేపలను పిట్టలకు వదలమన్న దాని వాదన నాకు ఇప్పటికీ సబబుగానే తోస్తుంది.

ఇప్పుడు కట్టుదిట్టాలు పెరిగాయి. ఒక్కో పడవకు విడిగా కోటా, ఉపగ్రహంతో నిఘా, 12 సెంటీమీటర్ల లోపు పిల్లచేపలు ఎక్కువగా పడితే ఆ ప్రాంతం మూసేయడం. 2023లో పిల్లచేపలే ఎక్కువగా ఉన్నాయని ఉత్తర, మధ్య తీరాల్లో మొదటి సీజన్‌నే రద్దు చేశారు. మా గట్టు మీద అప్పుడు వినిపించిన మాట ఆ రద్దు గురించేనన్నమాట. అదే సమయంలో పక్షి జ్వరం వచ్చి గూడబాతులు, బూబీలు లక్షల్లో, సీ లయన్లు వేలల్లో చనిపోయాయి. ఖాళీగా ఉన్న ఒక రాతి అంచును గైడు చూపించి, ఒకప్పుడు అక్కడ కూడా చోటుండేది కాదన్నాడు.

ఒడ్డుకొచ్చాక భోజనం దగ్గర నాకు పట్టుదల వచ్చింది. ఎల్ చాకో వీధిలోని హోటళ్లలో పచ్చిచేప నిమ్మరసంలో ఊరేసిన సెవిచే ఉంది, కొర్వీనా ఉంది, పండుగప్పంత గర్వంగా లెంగ్వాదో చేప ఉంది. ఆంచొవేటా ఏదంటే వడ్డించే అమ్మాయి నవ్వేసింది. పట్టినదాంట్లో అతికొద్ది భాగమే మనుషుల పళ్లేల్లోకి చేరుతుంది, ప్రభుత్వం తినమని ఎంత ప్రచారం చేసినా అంతే. మనం ఎండు నెత్తళ్లు వంకాయలో వేసుకుని లొట్టలేస్తాం, వీళ్లు లక్షల టన్నులు పట్టి కూడా ముట్టరు. పేదరికంలో ఉన్న కొండప్రాంతాల పిల్లల్లో రక్తహీనత ఉన్న దేశంలో ఇది నాకు మింగుడుపడలేదు.

చివరికి బస్టాండు పక్కన కిరాణా కొట్టులో టమాటా గుజ్జులో వేసిన ఆంచొవేటా డబ్బాలు దొరికాయి, అన్నిటికంటే కింది అరలో, అన్నిటికంటే చవకగా. "మామయ్యా, రొయ్యలకు పెట్టేది నువ్వు తింటున్నావు" అన్నాడు మా వాడు. అన్నం పొట్లం విప్పి పైన ఉల్లిపాయ తరిగి వేశాను. కొంచెం చేదు, బోలెడంత నూనె, నెత్తళ్ల రుచే. వాడు ఒక ముద్ద తిని ఏమీ అనకుండా లేచి వెళ్లి ఇంకో డబ్బా కొనుక్కొచ్చాడు. ఈసారి నిమ్మకాయ కూడా తెచ్చాడు.