నిలబడే కాలి సంగతి

తిరుపతిలో మా బైరాగిపట్టెడ నుంచి పొద్దున్నే నడకకు వెళ్ళే ఆడవాళ్ళం చాలామందిమే ఉన్నాం. అందులోంచి నడక వదిలి ఫుట్‌బాల్ పట్టుకున్నది మాత్రం కొద్దిమందిమి. చిన్నప్పుడు మా అన్నలు ఆడుతుంటే గోడ దాటిన బాలును చేత్తో విసిరివేయడమే, అంతకుమించి ఆ ఆటతో నాకు పరిచయం లేదు.

నేర్పే అమ్మాయి యూనివర్సిటీ జట్టుకు ఆడింది. అందరినీ ‘అక్కా’ అనే పిలుస్తుంది, కానీ మొహమాటం లేదు. మొదట్లో బాలు తాకనివ్వనే లేదు. ఒంటికాలి మీద నిలబడండి, మోకాళ్ళు లోపలికి వాలకుండా గుంజీలు తీయండి, ఎగిరి చప్పుడు లేకుండా దిగండి... ఇదే వరస. ఫిఫా 11 ప్లస్ అనే వార్మప్ అట, పూర్తిగా చేస్తే 20 నిమిషాలు పడుతుంది. మోకాలిలో ఎముకలను పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంటు తెగే ప్రమాదం మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకే ఎక్కువని, ఎవరూ తగలకపోయినా పరుగులో గబుక్కున ఆగి తిరిగితే చాలు తెగొచ్చని చెప్పింది. అది విన్నాక గుంజీల మీద మాకు భక్తి పెరిగింది. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి కొండకు పోయే కాళ్ళు నావి, నాకేం తక్కువ అనుకునేదాన్ని. ఒంటికాలి మీద నిలబడితే తెలిసింది, ఆ సత్తువ వేరు, ఈ నిలకడ వేరు.

బాలు ఇచ్చాక కూడా ముందు నేర్పింది తన్నే కాలికి కాదు. ఎడమ పాదాన్ని బాలుకు జానెడు పక్కన పెట్టాలి. దాని వేళ్ళు ఎటు చూస్తే బాలు దాదాపు అటే పోతుంది. మోకాలు కాస్త వంచి, కుడి పాదాన్ని బయటికి తిప్పి, లోపలి వెడల్పాటి భాగంతో బాలు నడుమకు తగిలించాలి. బొటనవేలితో పొడిస్తే ఎటు పోతుందో దేవుడికే ఎరుక. వచ్చే బాలును ఆపడం ఇంకా కష్టం. బస్సులోంచి అందించే పసిబిడ్డను అందుకున్నట్టు, తగిలే క్షణాన పాదాన్ని కాస్త వెనక్కి తీసుకోవాలి. నాకు ఇది చాలాకాలం కుదరలేదు.

షాపులో అడుగున పొడుగు స్టడ్లు, అంటే బుడిపెలు, ఉన్న బూట్లు అంటగట్టారు. అవి గడ్డి మైదానానికి. మా గ్రౌండు గట్టి నేల, గులకరాళ్ళు. చిన్న రబ్బరు బుడిపెలున్నవి తీసుకున్నాకే కాలు నిలిచింది. ఇంకో మాట, ఎవరూ చెప్పరు గనక నేనే చెబుతున్నా: బూట్లకన్నా ముందు మంచి స్పోర్ట్స్ బ్రా కొనుక్కోండి. మాలో ఒకామె అది లేకే పరుగెత్తడానికి వెనకాడేది.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టింది ఆయాసం. వయసు కదా అని సరిపెట్టుకుంటుంటే, కోచ్ పిల్లే రక్తపరీక్ష చేయించుకోమంది. హిమోగ్లోబిన్ 10 దగ్గరుంది. ఆడవాళ్ళకు 12 కన్నా తగ్గితే రక్తహీనత కిందే లెక్క. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా ఇదే పరిస్థితి. డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాసి, వాటికి దగ్గర్లో టీ తాగొద్దంది, టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదట. టిఫిన్ తర్వాతి గ్లాసు టీ మానుకోవడం నాకు గుంజీలకన్నా కష్టమైంది. ఆకుకూరపప్పులో నిమ్మకాయ పిండుకోవడం మాత్రం సులువుగానే అలవాటైంది. ఎముకలకు రాగిసంగటి ఎలాగూ మన ఇళ్ళలో ఉండేదే. ఊరిబిండితో లాగించండి, కానీ ఆట అయ్యాకే. ముందు తింటే కదల్లేం. ఆటకు ముందు నాకు ఒక అరటిపండు చాలు.

“ఈ వయసులో బాలాట ఏందమ్మా, కాలో చెయ్యో ఇరిగితే ఎవురు చూస్తారు?” అని మా అత్త గొణిగేది. 2025 జులైలో మన అమ్మాయిలు థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి ఆసియా కప్‌కు అర్హత సాధించినప్పుడు, సంగీతా బస్ఫోర్ కొట్టిన రెండు గోల్స్ ఫోన్లో చూపించాను. మళ్ళీ పెట్టమని అడిగింది. అప్పటినుంచి నేను ఇంటికి రాగానే, “గోల్ ఏసినావా?” అనే ప్రశ్న.

ఇప్పుడు ఐదుగురేసి జట్లుగా ఆడుకుంటున్నాం. తలతో కొట్టొద్దు, కాలు అడ్డం పెట్టి పడేయొద్దని మాలో మేమే ఒప్పందం చేసుకున్నాం. ఈ మధ్య కోచ్ ఎడమ కాలితో పాస్ ఇమ్మంటోంది. అంటే నిలబడటం కుడికాలి వంతు. అది అసలు మాట వినడం లేదు.