పత్రిక నుంచి వెబ్‌సైటుకు: ప్రకటనల మార్పులో నా అనుభవం

స్థానిక పాలనా కార్యాలయంలో బహిరంగ ప్రకటనల దస్త్రాలు చూసే బాధ్యత నాది. భూవినియోగ మార్పులు, పన్నుల సవరణలు, టెండర్లు, అభ్యంతరాల స్వీకరణ, విచారణ తేదీలు వంటివన్నీ ఏళ్ల తరబడి పత్రికల్లోనే వేయించేవాళ్లం. ఇకమీదట వాటిని పత్రికలకు బదులు మా వెబ్‌సైటులోనే ప్రచురించాలని పాలకవర్గం తీర్మానించి, ఆ పని నాకు అప్పగించింది. ఖర్చు తగ్గుతుంది, స్థలం కొలుచుకోనక్కర్లేదు, పటాలు, అంచనాలు పూర్తిగా జతచేయవచ్చు అన్న వాదనలు నాకూ సబబుగానే తోచాయి. ఫైలు ఎక్కించడమే పని అనుకుని మొదలుపెట్టాను.

పత్రికలో ప్రకటన వచ్చిన రోజు ఆ పేజీలోంచి కటింగ్ తీసి, తెల్లకాగితం మీద అతికించి, పక్కన పత్రిక పేరు, తేదీ, పేజీ సంఖ్య రాసి దస్త్రంలో పెట్టడం మా పాత పద్ధతి. ఆ కటింగ్ ఎంత బరువు మోస్తోందో నేను ఎన్నడూ ఆలోచించలేదు. పత్రికల పక్షాన మాట్లాడేవారు పాఠకుల సంఖ్యను ముందుకు తెస్తారు గాని, నా దృష్టిలో అది వారి బలమైన వాదన కాదు. పత్రిక వెనుక పేజీల్లో చిన్న అక్షరాల్లో వేసిన ప్రకటన ఒకరి కంటపడటం కేవలం యాదృచ్ఛికమేనని అమెరికా సుప్రీంకోర్టు 1950లోనే, ములేన్ కేసులో, గుర్తించింది. పత్రిక నిజంగా ఇచ్చింది సాక్ష్యం. ప్రకటన ఇచ్చినవారి చేతిలో లేని చోట, మార్చడానికి వీల్లేని రూపంలో, తేదీతో సహా అది నిలిచి ఉండేది.

ఈ సంగతి నాకు తెలిసివచ్చింది ఒక పెద్దాయన వల్ల. వెబ్‌సైటులో ప్రచురణ మొదలైన కొత్తలో ఒక రహదారి విస్తరణపై అభ్యంతరాలు కోరుతూ ప్రకటన పెట్టాము. ఆ నెల 17న ఆయన వచ్చి నా బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పరిచారు. రెండూ మా వెబ్‌సైటు నుంచి తీసిన ప్రింట్లే. పైన చిరునామా ఒకటే, ప్రకటన సంఖ్య ఒకటే, కింద సంతకం కూడా ఒకటే. కాని మొదటిదానిలో అభ్యంతరాలకు చివరి తేదీ 18 అని, రెండోదానిలో 15 అని ఉంది. “నేను నిన్న అర్జీ తెస్తే గడువు దాటిందని తీసుకోలేదండీ. ఈ రెండింట్లో ఏది మీ ప్రకటన?” అని అడిగారు.

ఆరా తీస్తే, తేదీ తప్పు పడిందని గమనించిన మా సిబ్బందిలో ఒకరు పాత ఫైలు తీసేసి, సరిచేసినదాన్ని అదే పేరుతో ఎక్కించారని తేలింది. అందులో దురుద్దేశమేమీ లేదు. కాని ఎప్పుడు మార్చారో, అప్పటికి ఎంతమంది పాత తేదీ చూసుకుని నిశ్చింతగా ఉన్నారో చెప్పగల ఆధారం మా దగ్గర ఒక్కటీ లేదు. పత్రికలో అయితే అచ్చయిన తప్పు అచ్చయినట్టే ఉండేది. సవరణ విడిగా వేయవలసి వచ్చేది. ఆ రెండు సంచికలనూ ఎవరైనా గ్రంథాలయానికి వెళ్లి చూసుకోగలిగేవారు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఒక మనిషి హక్కు ఒక ఫైలు పేరు మీద ఆధారపడి ఉందన్న ఆలోచన నన్ను వదలలేదు.

తర్వాతి వారాలన్నీ నిబంధనలు రాయడంతోనే గడిచాయి. ఒకసారి పెట్టిన ఫైలును తీయకూడదు, మార్చకూడదు. తప్పు దొర్లితే కొత్త సంఖ్యతో సవరణ ప్రకటన వేసి, పాతదాని పక్కనే చూపాలి. తేదీ మారితే గడువు మళ్లీ మొదటినుంచి లెక్కించాలి. వెబ్‌సైటు ఒక పూట మించి పనిచేయకపోతే ఆ రోజు గడువులోకి రాదు. ప్రతి ఫైలుకూ, అందులోని సమాచారాన్ని బట్టి కంప్యూటరు లెక్కగట్టే ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో వచ్చే 64 అక్షరాల గుర్తును, మా విభాగానికి సంబంధం లేని మరో విభాగం అదే రోజు రిజిస్టరులో రాసి, నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఫైలులో ఒక్క కామా మారినా ఆ గుర్తు పూర్తిగా వేరుగా వస్తుంది కనుక, అనుమానం వచ్చినవారు ఎవరైనా సరిచూసుకోవచ్చు. దీనితోపాటు ఒక ప్రతి గ్రంథాలయానికి వెళ్లాలి. మా చేతిలో లేని చోట ఒకటి ఉండి తీరాలన్న ఈ నిబంధన దగ్గరే ఎక్కువ వాదించవలసి వచ్చింది. మన వెబ్‌సైటును మనమే నమ్మకపోతే ఎలా అని మా కార్యాలయంలోనే కొందరు అన్నారు. ఆ రెండు ప్రింట్లు చూపించాక మళ్లీ ఎవరూ ఆ మాట అనలేదు.

స్కాన్ చేసిన కాగితాలను అలాగే పెట్టడం మాన్పించాము. తెలుగు ప్రకటనలు స్కాన్ రూపంలో ఉన్నా, పాత ఫాంట్లలో టైపు చేసినా వెతికితే దొరకవు, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కూ అందవు కనుక, కంప్యూటర్లన్నీ ఒకేలా గుర్తించే యూనికోడ్ అక్షరాలను తప్పనిసరి చేశాము.

ఇంటర్నెట్ వాడనివారి విషయంలో రెండు చట్టాలు నాకు దారి చూపాయి. అమెరికాలోని ఫ్లోరిడాలో 2023 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న చట్టం స్థానిక సంస్థలకు కౌంటీ (మన జిల్లా వంటి పాలనా విభాగం) వెబ్‌సైటులో ప్రచురించుకునే వీలు ఇస్తూనే, పేరు నమోదు చేసుకున్నవారికి ప్రకటనలు తపాలా ద్వారా గాని, ఈమెయిలు ద్వారా గాని పంపాలని, ఆ సదుపాయం ఉందని ఏడాదికి ఒకసారైనా పత్రికలోనో, ఇంటింటికీ చేరే మరో ప్రచురణలోనో తెలపాలని చెబుతోంది. భారతదేశపు 2013 భూసేకరణ చట్టం ప్రాథమిక ప్రకటనను వెబ్‌సైటుతో పాటు గెజిట్‌లోనూ, రెండు దినపత్రికల్లోనూ, స్థానిక కార్యాలయాల్లోనూ వేయాలంటోంది. మనుషుల భూమి పోయే చోట ఆ జాగ్రత్త న్యాయమని నా అభిప్రాయం. మేమూ నమోదు పుస్తకం తెరిచాము. ఆస్తి హక్కులను తాకే ప్రకటనలకు పత్రికను వదలలేదు.

రహదారి ప్రకటనను రద్దుచేసి, కొత్త సంఖ్యతో, పూర్తి గడువుతో మళ్లీ ప్రచురించాము. రద్దయినదాని రెండు రూపాలూ వెబ్‌సైటులో ఉండాలని పట్టుబట్టాను. తొలగించిన మొదటి ఫైలు మాత్రం మా దగ్గర ఎక్కడా మిగల్లేదు. చివరికి ఆ పెద్దాయననే అడిగి, ఆయన మడతపెట్టి దాచుకున్న కాగితాన్ని తెప్పించుకుని, స్కాన్ చేసి అక్కడ పెట్టాము.