అమీర్‌పేటలో దొరికింది

హైటెక్ సిటీలో ఆఫీసు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు. కౌన్సెలింగ్‌కి వెళ్లాలని ఉన్నా, ఆ ట్రాఫిక్‌లో ఇంకో చోటికి పోయి రావాలంటేనే ఓపిక ఉండేది కాదు. చివరికి అమీర్‌పేటలో, నేను రోజూ మెట్రో లైను మారే చోటే, స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, సాయంత్రం 7 తర్వాత కూడా చూసే క్లినికల్ సైకాలజిస్టు దొరికారు. ఆవిడ తెలుగులోనే మాట్లాడతారు, అది నాకు చాలా పెద్ద విషయం, ఎందుకంటే అమ్మ పోయాక లోపల పేరుకున్నదంతా ఇంగ్లీషులో చెప్పడం నా వల్ల కాలేదు. మందులు రాయరు, అది సైకియాట్రిస్టుల పని. ఈవిడ వింటారు, అడుగుతారు, నేను దాటేసిన మాట దగ్గరికే మళ్లీ తీసుకొస్తారు. ఏడుపొస్తే ఏడవనిస్తారు.

మీరూ వెతుకుతుంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసే సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందో లేదో ముందే అడగండి. ఫీజు కష్టమైతే 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ప్రభుత్వానిదే, ఉచితం, అర్ధరాత్రైనా తెలుగులో మాట్లాడొచ్చు.